వోల్టేజి పెంచే ముందు గది వేడి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ సాంకేతిక పేజీలో డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన దానికన్నా ఎక్కువ వేగంతో నడపడం) మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచండి, కోర్ వోల్టేజి 1.4 వోల్టుల దాకా పెట్టండి, టెంపరేచర్ 90 దాటినా కంగారు పడకండి అన్నది అందులోని సలహా. ఆ అంకెలు ఊరికే పుట్టినవి కావు. కాకపోతే అలాంటి పరీక్షలు జరిగేది 21, 22 డిగ్రీల చల్లటి గదుల్లో. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో, డాబా ఇంటి పైఅంతస్తులో, ఏసీ లేని గదిలో అదే సెట్టింగు పెడితే ఏమవుతుందో వ్యాసం చెప్పలేదు. మన కుర్రాళ్లలో చాలామంది కంప్యూటరు పెట్టుకునేది అలాంటి గదుల్లోనే.

లెక్క వేసి చూద్దాం. ప్రాసెసర్ తీసుకునే వాట్లు ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగితే అంత పెరుగుతాయి. వోల్టేజి విషయంలో మాత్రం దాని వర్గాన్ని బట్టి పెరుగుతాయి. 5.1 గిగాహెర్ట్జ్ మీద నడిచే ప్రాసెసర్‌ను 5.3కి తీసుకెళ్లడానికి వోల్టేజి 1.20 నుంచి 1.30కి పెంచాల్సి వచ్చిందనుకోండి. పెరిగిన వేగం 4 శాతం. పెరిగిన వేడి 22 శాతం. ఇక కూలర్ సంగతి. అది ఎంత ఖరీదైనదైనా గది గాలికి పైన ఇన్ని డిగ్రీలు అన్న లెక్కలోనే పనిచేస్తుంది. పూర్తి లోడులో గదికన్నా 55 డిగ్రీలు ఎక్కువ దగ్గర నిలబెట్టే కూలర్, ఈ మార్పు తర్వాత 67 డిగ్రీలు ఎక్కువ దగ్గర నిలబెడుతుంది. 22 డిగ్రీల గదిలో 77 ఉన్నది 89 అవుతుంది, సరే. 40 డిగ్రీల గదిలో 95 ఉన్నది 107 కావాలి. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే చిప్ తనంతట తనే వేగం కోసుకుంటుంది. వోల్టేజిని 1.30 దగ్గరే బిగించి ఉంచితే, 100 దాటకుండా ఉండడానికి అది సుమారు 4.75 గిగాహెర్ట్జ్‌కి దిగాల్సి ఉంటుంది. అంటే ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే వచ్చే 5.1 కన్నా తక్కువ. క్యాబినెట్ లోపలి గాలి గది గాలికన్నా ఇంకా వేడిగా ఉంటుందని ఈ లెక్కలో కలపనేలేదు.

ఓవర్‌క్లాకింగ్‌కు అంత పేరు రావడానికి కారణం లేకపోలేదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏలో బస్ (ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే దారి) వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 మీద నడిచేది. 2011 నాటి కోర్ ఐ7 2600కె కూడా మామూలు కూలర్‌తో 3.4 నుంచి 4.5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లేది. ఆ మిగులును ఇప్పుడు కంపెనీలే పిండుకుని, బూస్ట్ (చిప్ తనంతట తనే వేగం పెంచుకోవడం) అని పేరు పెట్టి అమ్ముతున్నాయి. 2024లో వచ్చిన కోర్ ఐ9 14900కెఎస్ పెట్టెలోంచి తీసి పెట్టగానే 6.2 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. ఇక కొనేవాడికి మిగిలింది కింది వైపే: ప్రతి చిప్‌కూ ఫ్యాక్టరీలో భద్రత కోసం కాస్త ఎక్కువ వోల్టేజి రాసి పంపుతారు, ఆ అదనాన్ని మన చిప్ వరకు తగ్గించుకోవచ్చు. వేడి తగ్గుతుంది, ఆ ఖాళీలోకి బూస్ట్ తనే ఎక్కుతుంది. మన వాతావరణానికి పనికొచ్చే ఓవర్‌క్లాకింగ్ ఇదొక్కటే అని నా అభిప్రాయం.

వ్యాసం చెప్పిన సెట్టింగులైనా అందరి దగ్గరా కుదరవు. ఇంటెల్‌లో మల్టిప్లయర్ పెంచాలంటే పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్, 'జడ్' వరస చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు రెండూ కావాలి. ఐ5 12400ఎఫ్, బీ660 బోర్డు కొనుక్కున్నవాళ్లు ఆ వ్యాసం చదివి బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) వెతికినా ఆ మెనూ కనిపించదు. ఏఎండీలో బీ వరస బోర్డులు చాలు. ఏ620 బోర్డుల మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు.

ఒక ఉదాహరణ పట్టుకుందాం: రైజెన్ 5 7600ఎక్స్, బీ650 బోర్డు, ఒక టవర్ ఉన్న 120 మిల్లీమీటర్ల ఫ్యాను కూలర్. పెట్టె మీద 105 వాట్లని ఉంటుంది గానీ సాకెట్‌కు (ప్రాసెసర్ కూర్చునే గూటికి) అందే పవర్ హద్దు 142 వాట్లు. ఉష్ణోగ్రత హద్దు 95. ఈ తరం చిప్‌లు పూర్తి లోడులో ఖాళీ దొరికినంత వరకు వేగం పెంచుకుంటూ 95 దాకా పోయేలా తయారైనవి కాబట్టి, ఆ అంకె కనిపించగానే కూలర్ పాడైందని అనుకోనక్కర్లేదు. అలాగని ఏడాది పొడుగునా అక్కడే వండాల్సిన పనీ లేదు.

మొదట బయోస్ అప్‌డేట్. ఇది మొక్కుబడి సలహా కాదు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డి ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయి. మెమరీకి ఎక్స్‌పో ప్రొఫైల్ (మెమరీని ఎక్కువ వేగంతో నడిపే రెడీమేడ్ సెట్టింగు) ఆన్ చేస్తే కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజిని (ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానికి ఇచ్చేది) మితిమీరి పెంచేయడం అందుకు కారణంగా తేలింది. ఆ తర్వాతి బయోస్‌లు ఎస్ఓసీ వోల్టేజిని 1.3 వోల్టుల దగ్గర ఆపేశాయి. పాత బయోస్‌తో ఇంకా షాపుల్లో ఉన్న బోర్డు కొంటే ఆ కట్టడి ఉండదు. అప్‌డేట్ జరిగేటప్పుడు కరెంటు పోతే బోర్డు చచ్చిపోవచ్చు, అందుకని యూపీఎస్ మీద పెట్టి చేయండి. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అప్‌డేట్ తర్వాత అది అడిగితే, కీ లేనివాళ్లకు డేటా మీద ఆశ వదులుకోవడమే.

తర్వాత ఏమీ మార్చకుండా ఒక కొలత తీయాలి. సెన్సర్ల అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి, ప్రాసెసర్ మీద పూర్తి లోడు పెట్టే సినీబెంచ్ ఆర్23ని 30 నిమిషాలు నడపండి. పది నిమిషాలు చాలదు, క్యాబినెట్ లోపలి గాలి వేడెక్కి స్థిరపడడానికి సమయం పడుతుంది. స్కోరు, గరిష్ఠ ఉష్ణోగ్రత, ప్యాకేజీ పవర్ (ప్రాసెసర్ తీసుకునే వాట్లు), ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా నడిచిన వేగం), వీటితోపాటు గదిలో థర్మామీటర్ చూపించే అంకె కూడా రాసుకోవాలి. గది వేడి రాయని టెంపరేచర్ లెక్క దేనికీ పనికిరాదు. డిసెంబరులో తీసిన 75కీ మే నెలలో తీసిన 90కీ మధ్య తేడా మొత్తం వాతావరణానిదే కావచ్చు.

ఇప్పుడు బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ని అడ్వాన్స్‌డ్‌కి మార్చి, వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్స్, నెగటివ్, 10 పెట్టండి. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. అది నిలబడితే 15, తర్వాత 20. అదే మెనూలో థర్మల్ థ్రాటిల్ లిమిట్ అని ఉంటుంది, దాన్ని 85కి దించండి. వేసవికి పవర్ హద్దును కూడా బిగించవచ్చు: 65 వాట్ల ఎకో మోడ్ పెడితే సాకెట్ పవర్ 142 నుంచి 88 వాట్లకు దిగుతుంది. గేములు ఆడేటప్పుడు ఈ ప్రాసెసర్ ఆ 88 వాట్లు కూడా పూర్తిగా వాడుకోదు కనుక ఫ్రేములు పెద్దగా తగ్గవు. తగ్గేది వీడియో ఎన్‌కోడింగ్, రెండరింగ్ లాంటి అన్ని కోర్లూ వాడే పనుల్లో, అదీ వేడిలో వచ్చినంత తేడాగా ఉండదు.

చాలామంది బోల్తా పడేది దీని తర్వాతే. సినీబెంచ్ అరగంట నడిచింది, ప్రైమ్95 గంట నడిచింది, సెట్టింగు గట్టిదే అనుకుంటారు. రాత్రి సినిమా డౌన్‌లోడుకు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి కంప్యూటరు రీస్టార్ట్ అయి ఉంటుంది. అన్ని కోర్లూ లోడులో ఉన్నప్పుడు వేగం తక్కువ కాబట్టి తగ్గించిన వోల్టేజి సరిపోతుంది. ఒక్క కోరు మాత్రమే నిద్ర లేచి 5.3 గిగాహెర్ట్జ్‌కి దూకినప్పుడు ఆ వోల్టేజి చాలదు. అందుకే తక్కువ లోడులో పడిపోతుంది. కోర్‌సైక్లర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఒక్కో కోరునే విడిగా పరీక్షిస్తుంది, దాన్ని ఒక రాత్రంతా నడపాలి. రీస్టార్ట్ అయితే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో 18వ నంబరు ఎర్రర్ ఉందేమో చూడండి. అందులో ఉండే ఎపిక్ ఐడీని బట్టి ఏ కోరు తప్పిందో తెలుస్తుంది. ఒక్కో కోరుకు రెండేసి ఐడీలు. ఆ కోరు ఒక్కదానికే నెగటివ్ 20 నుంచి 12కో 10కో వెనక్కి రండి, మిగతావి అలాగే ఉంచండి. రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం గుర్తు పడే మేలైన కోర్లే ఎక్కువగా ఇలా మొరాయిస్తాయి. అవి ఫ్యాక్టరీ నుంచే తక్కువ వోల్టేజితో వస్తాయి, వాటిలో తీసేయడానికి మిగిలింది తక్కువ.

ఇంకో మోసం ఉంది. వోల్టేజి మరీ తగ్గిస్తే కొన్ని చిప్‌లు పడిపోవు, క్లాక్‌ని సాగదీసుకుని నెట్టుకొస్తాయి. తెరమీద 5.3 అని ఉంటుంది, ఎఫెక్టివ్ క్లాక్ 5.1 చూపిస్తుంది, స్కోరు తగ్గుతుంది. టెంపరేచర్ తగ్గిందని సంబరపడే ముందు స్కోరు కూడా చూడాలి.

మెమరీ ప్రొఫైల్‌ను, ప్రాసెసర్ సెట్టింగును ఒకేసారి మార్చకండి, తప్పు ఎక్కడుందో తేలదు. డీడీఆర్5 మెమరీలో ఎక్స్‌పో పెట్టిన మొదటిసారి మెమరీ ట్రైనింగ్ (బోర్డు మెమరీని సరిచూసుకోవడం) కోసం తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉంటుంది. అంతలో కంగారుపడి స్విచ్చి ఆపేసి, బోర్డు పోయిందని షాపుకు మోసుకెళ్లేవాళ్లు ఉన్నారు. నిజంగానే బూట్ కాకపోతే పవర్ కేబుల్ పీకి, బోర్డు మీది క్లియర్ సీమాస్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలిపితే సెట్టింగులు మొదటికి వస్తాయి.

ఇంటెల్ 13, 14 తరాల 'కె' ప్రాసెసర్లు ఉన్నవాళ్లకు వ్యాసంలోని 1.4 వోల్టుల సలహా మరీ ప్రమాదం. ఈ చిప్‌లు అవసరానికి మించి వోల్టేజి అడుగుతూ లోపల అరిగిపోతున్నాయని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. ఆ ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) 1.55 వోల్టులకు మించి అడగకుండా కట్టడి చేసింది, సెప్టెంబరులో 0ఎక్స్12బి వచ్చింది. వారంటీని మరో రెండేళ్లు పొడిగించారు. బయోస్‌లో ఇవి ఉన్నాయో లేదో హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మైక్రోకోడ్ గడి చూస్తే తెలుస్తుంది. ఒకసారి అరిగిన చిప్‌ను ఏ మైక్రోకోడూ బాగు చేయదు. బోర్డు తయారీదారులు పవర్ హద్దును 4096 వాట్లని పెట్టి పంపిన సందర్భాలు ఎన్నో, అంటే హద్దే లేదని అర్థం. ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకుని ఐ5 13600కెకి 181, ఐ9లకు 253 వాట్లు ఉండేలా చూసుకోండి. గది వేడిని బట్టి ఇంకా తగ్గించుకున్నా తప్పు లేదు. లోడ్ లైన్ కాలిబ్రేషన్‌ను (లోడులో వోల్టేజి పడిపోకుండా ఆపే సెట్టింగు) అన్నిటికన్నా పై మెట్టు మీద పెట్టవద్దు. లోడు ఒక్కసారిగా తగ్గినప్పుడు వోల్టేజి క్షణకాలం పైకి ఎగురుతుంది, ఆ ఎగురుడు మామూలు సాఫ్ట్‌వేర్ మీటర్లలో కనపడదు. మధ్య మెట్టు చాలు.

కూలర్ బిగింపు గురించి వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. నిజానికి సగం టెంపరేచర్ ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు పాతది తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు పొర మిగులుతుంది. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4 ఉన్న బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్‌ను చల్లగా ఉన్నప్పుడు పైకి లాగితే పేస్టుకు అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని ముందు పది నిమిషాలు లోడులో నడిపి పేస్టు మెత్తబడ్డాక, ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ కాస్త తిప్పి ఆ తర్వాత ఎత్తాలి. కొత్త పేస్టు మధ్యలో బఠాణీ గింజంత, నాలుగు మూలలా ఆవగింజంత చుక్కలు. వేలితో పులమక్కర్లేదు, ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటే తీశారో లేదో చూసుకోండి, షాపులో బిగించి ఇచ్చిన వాటిలో కూడా అది అలాగే ఉండిపోతుంటుంది. స్క్రూలు ఎదురెదురు మూలలు రెండేసి చుట్ల చొప్పున తిప్పుతూ రావాలి. ఒక వైపే ముందు బిగించేస్తే రెండో వైపు పేస్టు మందంగా మిగిలిపోతుంది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో గొళ్లెం ఒత్తిడికి ప్రాసెసర్ నడుము కొద్దిగా వంగుతుంది; ఆ గొళ్లెం బదులు కాంటాక్ట్ ఫ్రేమ్ వేస్తే కొన్ని డిగ్రీలు దిగుతాయి. కానీ ఆ ఫ్రేమ్‌ను బలంకొద్దీ బిగిస్తే ఒక మెమరీ చానల్ కనిపించకుండా పోతుంది. అప్పుడు ర్యామ్ మార్చడం కాదు, స్క్రూలు పావు చుట్టు వదులు చేయాలి.

లోపం ఎక్కడుందో టెంపరేచర్ ఎక్కే తీరే చెబుతుంది. లోడు పెట్టిన రెండు సెకన్లలో 95కి ఎగిరి, ఆపగానే అంతే వేగంగా కిందికి పడితే పేస్టో బిగింపో సరిగా లేదు, వేడి కూలర్‌లోకే వెళ్లడం లేదు. పది, పదిహేను నిమిషాల పాటు మెల్లగా ఎక్కుతూ పోతే గాలి ఆడటం లేదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పరీక్ష మళ్లీ పెట్టండి. ఐదు డిగ్రీలో ఇంకా ఎక్కువో తగ్గితే తప్పు క్యాబినెట్‌ది: ముందు వైపు అద్దం ఉన్న చాలా క్యాబినెట్లది ఇదే రోగం. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే కూలర్ వైపు చూడండి. ప్రాసెసర్ 70 దగ్గరే ఉన్నా వేగం మాత్రం దబ్బున పడిపోతుంటే బోర్డు మీది వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజి అందించే భాగం) మితిమీరి వేడెక్కుతున్నట్టు. హీట్‌సింక్ లేని చవక బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ పెట్టినప్పుడు ఇలా అవుతుంది, దానికి బయోస్‌లో మందు లేదు.

ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే చాలు. ఫ్యానులో అడ్డ కమ్మీలున్న వైపు నుంచే గాలి బయటికి వస్తుంది, బిగించే ముందు అది చూసుకోవాలి. రైజెన్ టెంపరేచర్ క్షణానికోసారి ఎగిరి పడుతుంది కాబట్టి ఫ్యాను మాటిమాటికీ హోరెత్తకుండా బయోస్‌లో స్టెప్ అప్ టైమ్ మూడు నాలుగు సెకన్లు పెట్టండి. వంటిల్లు పక్కనే ఉన్న ఇళ్లలో తాలింపు పొగ, పూజగది ఉంటే అగరొత్తుల పొగ దుమ్మును జిగురుగా మార్చి హీట్‌సింక్ రెక్కల మధ్య నమదాలా పేరుస్తాయి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. గిర్రున తిరగనిస్తే బేరింగు పోతుంది.

లిక్విడ్ కూలర్ పెట్టినా నీళ్లు గది వేడికన్నా చల్లబడవు. 40 డిగ్రీల గదిలో అదీ 40 పైనుంచే మొదలవుతుంది. రేడియేటర్‌ను క్యాబినెట్ పైకప్పుకు బిగించడం మేలు. పంపు అన్నిటికన్నా ఎత్తులో ఉంటే గాలి బుడగలు అందులో చేరి గరగర శబ్దం వస్తుంది, తర్వాత పంపే పోతుంది. ఇక తలుపు తీసిన క్యాబినెట్ ముందు నీళ్ల ఎయిర్ కూలర్ పెట్టేవాళ్లకు ఒక మాట: ఆ తేమ లోపలి దుమ్ముతో కలిసి బోర్డు మీద బురదలా అంటుకుంటుంది, నెలల్లో కనెక్టర్లు పచ్చబడతాయి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో సముద్రపు గాలి తేమకు ఇది తోడైతే చెప్పక్కర్లేదు.

యూపీఎస్ సంగతి వ్యాసంలో అసలు లేదు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్లు. ప్రాసెసర్ 142, గ్రాఫిక్స్ కార్డు 200, బోర్డు, మానిటర్ కలిస్తే ఆ గీత దాటిపోతుంది. లోడులో ఉండగా కరెంటు పోతే యూపీఎస్ కూడా టక్కున ఆగిపోతుంది. ఓవర్‌క్లాక్ నిలబడలేదని వోల్టేజి పెంచుకుంటూ పోతారు, అసలు కారణం బల్ల కింద ఉంటుంది. ప్రాసెసర్‌ను 88 వాట్లకు దించడంలో ఇది ఇంకో లాభం.

సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్లు కొనేవాళ్లు ఇంటెల్ 13900కె, 14900కె విషయంలో డబ్బు ఇచ్చే ముందు రెండు పరీక్షలు అక్కడే అడగాలి. ఒకటి, ఎన్విడియా డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి చూడటం. రెండోది, కొన్ని గిగాబైట్ల జిప్ ఫైలును విప్పడం. అరిగిన చిప్ మీద డ్రైవర్ మధ్యలో ఆగిపోతుంది, జిప్‌లో సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు పాడైందనే సందేశం) వస్తుంది, అన్‌రియల్ ఇంజిన్ గేములు షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారుచేసేటప్పుడు వీడియో మెమరీ చాలలేదని అబద్ధం చెబుతాయి. ఇవి కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డును అనుమానించకండి. వారంటీ మిగిలి ఉందో లేదో ప్రాసెసర్ మూత మీది బ్యాచ్ నంబరు, సీరియల్ నంబరుతో ఇంటెల్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. పేస్టు తుడిచి ఆ అంకెలు చూపించడానికి ఒప్పుకోని వాడి దగ్గర కొనకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ